పదకొండు గడపలు, ఒక పొయ్యి

రోజు 1
డ్రమ్ములో నీళ్ళు: నాలుగు జానలు

ముప్పై ఏళ్ళు చివరి తూము దగ్గర లస్కరుగా పనిచేశాను. పొద్దున ఆరింటికి గేజి రాయి దగ్గరికి వెళ్ళి, కాలవలో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టడం నా పని. కాలవ యుద్ధంలో తూము పోయింది, గేజి రాయి పోయింది, కాలవే పోయింది. రాసే పిచ్చి మాత్రం పోలేదు. ఇప్పుడు డ్రమ్ములో చెయ్యి పెట్టి జానలతో కొలిచి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, నేనేం ఆపను.

నా పేరు తన్మయి. అరవై రెండేళ్ళు. మొగుడు లేడు, పిల్లల్లేరు, నోరుంది.

ఈ రోజు మమ్మల్ని పునరావాస వరుసలో దించారు. పదకొండు కుటుంబాలు, నలభై మూడు మందిమి. మాకు వండిపెట్టే లాస్యతో కలిపి నలభై నాలుగు. బండి దిగగానే కనిపించింది ఒక పొడుగాటి గోడ, దానికి పదకొండు తలుపులు. యంత్రం ఒక్క రోజులో పోసిన ఇళ్ళట. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే పల్చటి గోడ. పక్కింట్లో మేస్త్రి నాగుల్ మీరా తుమ్మితే నా ఇంట్లోంచి నేను నూరేళ్ళు అన్నాను. ఇంటికొక ఊక పొయ్యి ఇచ్చారు. దానికి గొట్టం, గొట్టం మీద వేడిని కనిపెట్టే కన్ను.

లాస్య ఆ పొయ్యిల వంక చూడనన్నా చూడలేదు. ఆరో తలుపు ముందు మూడు రాళ్ళు పెట్టి తన పెద్ద గుండిగ ఎక్కించింది.

ఆ గుండిగ సంగతి రాయాలి. ఎగువోళ్ళు నీళ్ళు కట్టేసి, చివరి ఊళ్ళ వాళ్ళం అడగబోతే డ్రోన్లు పంపారు. మా ఊరు కాలిన రోజున కాలవ అడుగునున్న తనిఖీ సొరంగంలో దూరాం. డెబ్బై రోజులు ఉన్నాం. పైన పొగ కనిపిస్తే చాలు, డ్రోను వచ్చి వాలేది. అందుకని అందరికీ ఒకే పొయ్యి. అదీ తెల్లారేముందు మంచు పట్టినప్పుడు, పొగ మంచులో కలిసిపోయే ఆ ఒక్క గంట. లాస్య వండేది, అందరం తినేవాళ్ళం. ఎవరన్నా విడిగా నిప్పు రాజేస్తే నలభై ప్రాణాలు దొంగిలించినట్టే లెక్క. తర్వాత ఏడాది శిబిరంలో ఉన్నాం, అక్కడ డ్రోన్లు లేవు, అయినా పొయ్యి ఒకటే. ‘నేను వండుకున్నాను’ అన్న మాట ఇప్పటికీ మా వాళ్ళ నోట రాదు. తిట్టుకన్నా చెడ్డమాట అది.

సాయంత్రం గడప సాయం కోసం లెక్క రాసుకోవడానికి యంత్రం వచ్చింది. యుద్ధంలో ఇల్లు పోయి కొత్తచోట దిగిన ప్రతి కుటుంబానికీ పద్దెనిమిది నెలలపాటు నెలనెలా నగదు ఇస్తారు, అదే గడప సాయం. కుటుంబ పెద్ద చేతికి ఒక కడియం తొడుగుతారు, డబ్బు అందులోకి వస్తుంది. యంత్రం బిందె ఎత్తున ఉండి రెండు చక్రాల మీద దొర్లుతుంది. దాని అసలు పేరు గజం పొడుగుంటే మా వాళ్ళు కరణం అని కుదించారు. పేర్లడిగింది, వయసులడిగింది, తర్వాత అందరినీ ఒకే ప్రశ్న అడిగింది.

“నిన్న మీరు ఎవరి ఇంట్లో భోజనం చేశారు?”

“లాస్యక్క దగ్గర,” అన్నాడు ధనుష్. “లాస్యక్క దగ్గర,” అంది కడుపుతో ఉన్న వాళ్ళావిడ అక్షర. నాగుల్ మీరా అదే అన్నాడు, నేనూ అదే అన్నాను. ఒక్కరు తప్పకుండా అందరం అన్నాం.

లాస్యను అడిగినప్పుడు గుండిగలో గరిటె తిప్పుతూనే, “ఇల్లేడుంది నాకు? పొయ్యి కాడ తిన్నా,” అంది.

కరణం ధన్యవాదాలు చెప్పి దొర్లుకుంటూ వెళ్ళిపోయింది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాం.

రోజు 4
డ్రమ్ములో నీళ్ళు: మూడు జానలు, ఒక బెత్తెడు

కడియం వచ్చింది. ఒక్కటే.

తెచ్చినవాడు పరిశీలకుడు రిత్విక్. పెద్ద ఎవరో తేలేదాకా ఎవరికీ తొడగనని సంచిలోనే ఉంచుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందొక అయ్యో, వెనకొక అయ్యో. పదకొండు రావాలి గదయ్యా అంటే పలక తెరిచి చదివాడు. “నిబంధన ప్రకారం ఒకే పొయ్యి మీద అరవై రోజులు తిన్నవాళ్ళు ఒకే కుటుంబం అమ్మా. మీరందరూ లాస్య దగ్గరే తింటున్నామని చెప్పారు. అయ్యో, మీరే చెప్పారు గదా.”

నలభై మందికి ఒక కుటుంబం డబ్బు. కరువులో అధికమాసం అంటే ఇదే. ఊకకూ ఉప్పుకూ సరిపోతుందేమో, గుడ్డకు చాలదు. ధనుష్ ముఖం పాలిపోయింది. వాడికి ఊళ్ళో పన్నెండు గేదెలుండేవి, అన్నీ మంటల్లో పోయాయి. తన వాటా డబ్బుతో ఒక్క గేదెనన్నా కొనాలని, పుట్టబోయే బిడ్డకు పాలకు లోటు రాకూడదని నెలల తరబడి అదే కలవరింత.

“పోనీ ఇప్పుడు విడివిడి అని రాసుకో,” అన్నాను.

“నా చేతుల్లో ఏమీ లేదమ్మా.”

చేతుల్లో ఏమీ లేనివాడికి అంత పెద్ద సంచి ఎందుకో.

చివరికి దారి చెప్పాడు. ఎవరింట్లో వాళ్ళు ఇరవై ఒక్క రోజులు పొయ్యి వెలిగించాలి. గొట్టం మీది కన్ను చూస్తుంది. అప్పుడు పదకొండు కుటుంబాలు, పదకొండు కడియాలు. అంతేనా, ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా అనుకుంటూ అందరం ఊపిరి పీల్చుకున్నాం.

రోజు 5
డ్రమ్ములో నీళ్ళు: మూడు జానలు

పొద్దున్నే లాస్య తన పొయ్యిలోంచి నిప్పు తీసి పదకొండు చిప్పల్లో సర్దింది. ఇంటికొక చిప్ప. “నా నిప్పుతో ముట్టించుకోండి, నేను పెట్టిన కూడు తిన్నట్టే ఉంటది,” అని నవ్వింది. నా చిప్ప రెండు చేతులా అందుకున్నాను. నా చేతి వంట నేనే తినాలన్న భయం ఒకటి.

ముట్టించబోతుంటే కరణం వచ్చింది. విడి కుటుంబాలుగా రాయాలంటే అందరి వేలిముద్రలూ, పుట్టిన తూము నంబరూ కావాలంది. మా అందరిదీ చివరి తూము. లాస్య వేలు పెట్టింది.

“మొదటి తూము,” అంది కరణం. “ఈ వ్యక్తి ఎగువ ప్రాంతానికి చెందినవారు. విడిగా సాయానికి అర్హత లేదు. ఉమ్మడి పొయ్యి విడిపోయిన వెంటనే ఈ వ్యక్తిని సొంత ప్రాంతానికి పంపాలి.”

అందరం చిప్పలు కింద పెట్టాం. సంధి ఒప్పందంలో ఒకటుంది: ఎటువాళ్ళు అటు వెళ్ళిపోవాలి. దాన్ని వాపసు అంటారు. లాస్య ఎగువ మనిషి అన్న సంగతి మేం మరిచిపోయాం. నిజంగానే మరిచిపోయాం. ఆమె మాటా మా మాటా ఒకటే, కూర కూడా మాలాగే కారం.

యుద్ధంలో లాస్య మొదటి తూము దగ్గర ఎగువోళ్ళ కాపలా దళానికి వంట చేసేది. మా ఊరు తగలబెడతారని వాళ్ళు భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే విని, గుండిగ నెత్తిన పెట్టుకుని, సొరంగం దారిలో పదిహేను మైళ్ళు నడిచి వచ్చి మాకు చెప్పింది. వెనక్కి పోలేదు. ఆమె పేరు ఎగువ ఊళ్ళలో ద్రోహుల పలక మీద ఉంది. పలక మీదున్న వాళ్ళు వాపసు బండి దిగాక సాయంత్రం చూడరు. ఇది నేను ఊహించి రాసేది కాదు, ముగ్గురి పేర్లు చెప్పగలను.

పదకొండు చిప్పల్లో నిప్పు బూడిదయింది.

రోజు 6
డ్రమ్ములో నీళ్ళు: రెండున్నర జానలు

అందరం ఆరో గడప ముందు కూర్చున్నాం. లాస్యను రావద్దన్నాం, వచ్చింది.

“ఏందయ్యా ఈ పంచాయితీ,” అంది. “మీ పొయ్యిలు మీరు ముట్టించుకోండి. నాకు యాభై నాలుగేళ్ళు. చూడాల్సినవి చూశా.”

“నువ్వు నోర్ముయ్యి,” అన్నాను. “నీ ప్రాణం సంగతి నిన్నెవరడిగారు?”

నాగుల్ మీరా అన్నాడు, “ఆమెను మా ఇంటి మనిషని రాయిస్తే పోద్ది గదా. నా చెల్లెలని చెప్తా.”

కుదరదు. నేను కరణాన్ని అడిగి తెలుసుకున్నాను. చిన్న కుటుంబంలో చేరాలంటే రక్తసంబంధం ఉండాలి, లేదా పెళ్ళి. పొయ్యి బంధం అన్నది ఒకే పొయ్యి మీద తినే ఉమ్మడి కుటుంబానికే. పైగా ఒక్క పొయ్యి విడిపోయినా ఆ బంధం తెగినట్టే, మళ్ళీ అరవై రోజులు మొదటి నుంచి లెక్క. మా డబ్బు మింగిన నిబంధనే లాస్యను కాస్తోంది. విచిత్రం.

ధనుష్ లేచాడు. “అందరూ నన్ను చూస్తన్నారేంది? అవును, నాకు డబ్బు కావాలి. రేపు బిడ్డ పుడితే ఏం తాగిద్ది, మీ మంచితనం తాగిద్దా?”

వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను. వాడు అన్నదాంట్లో తప్పేముంది? అదే నాకు కోపం. దొంగ ఒకడుంటే తన్నొచ్చు. ఇక్కడ అందరివీ ఖాళీ చేతులే, ఆ ఖాళీ చేతుల్నే ఒకదానితో ఒకటి కొట్టుకోమంటున్నారు.

రోజు 8
డ్రమ్ములో నీళ్ళు: రెండు జానలు

నీళ్ళ బండి రాలేదు. లాస్య గుండిగ బోర్లించింది. ఎవరికి వాళ్ళు వండుకోండి అని గోడవైపు తిరిగి పడుకుంది. వండుకోలేదు. నలభై మందిమి అటుకులు నమిలాం. ముక్కిన అటుకులు, అవీ లాస్య సంచిలోవే.

రోజు 9
డ్రమ్ములో నీళ్ళు: మూడు జానలు

తెల్లారి మంచులో పదకొండో గొట్టంలోంచి పొగ లేచింది. ధనుష్ ఇల్లు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నేను విసురుగా వెళ్ళాను. నాకన్నా ముందే అక్షర గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చెంబు, ఎనిమిదో నెల కడుపు. ధనుష్ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు.

“సొరంగంలో నాకు జొరమొచ్చినప్పుడు,” అంది అక్షర, “పదకొండు రోజులు తన వంతు గంజి నాకు పోసిందెవరో చెప్పు. చెప్పి ఊదు.”

ధనుష్ చెప్పలేదు. ఊదనూ లేదు.

అక్షర చెంబెడు నీళ్ళు పొయ్యిలో పోసింది. పొగ, ఆవిరి, బూడిద అన్నీ కలిసి ఇల్లంతా కమ్ముకున్నాయి. ఆ పిల్ల దగ్గుతూ బయటికి వచ్చి నేరుగా లాస్య దగ్గరికి పోయి, బోర్లించిన గుండిగ మీద ఎక్కి కూర్చుంది. “ఆకలేస్తంది. నువ్వు లేచి వండిందాకా నేను దిగను.”

లాస్య లేవక ఏం చేస్తుంది? లేచింది. ఏడుస్తూనే బియ్యం కడిగింది, తిడుతూనే ఎసరు పెట్టింది. మేమంతా పళ్ళేలతో వరసలో నిలబడ్డాం. ధనుష్ రాలేదు. వాడి పళ్ళెం అక్షర పట్టుకెళ్ళింది. తిన్నాడో లేదో అడగలేదు.

రోజు 11
డ్రమ్ములో నీళ్ళు: రెండు జానలు, ఒక బెత్తెడు

రిత్విక్ వచ్చాడు. పదకొండు గొట్టాలూ చల్లగా ఉన్నాయని కన్నులు చెప్పాయట. మొన్న ధనుష్ ఇంట్లో లేచి ఆరిన పొగ ఒక పూట వంటగా కూడా లెక్కకు రాలేదట.

“ఒకే కుటుంబంగా ఉంటామంటే మీ ఇష్టం. అయితే ఒక కుటుంబానికి ఒకే ఇల్లు. తక్కిన పది ఇళ్ళూ మూడు రోజుల్లో వెనక్కి తీసుకుంటాం. అయ్యో, బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకు తెలియదు.”

“నలభై నాలుగు మంది ఒక గదిలోనా?”

“ఇంకోటమ్మా. ఆమె నంబరు సంగతి పైవాళ్ళ దృష్టికి వెళ్ళింది. పొయ్యి బంధంతో మీ సాయంలో అన్నం తినొచ్చు గానీ, వాపసు ఒప్పందం అంతకన్నా పెద్దది. అదే రోజు వాపసు బండి వస్తుంది.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు. “నిబంధనల పుస్తకం ఇచ్చి పో,” అన్నాను. నూట ఎనభై పుటలమ్మా, మీకు అర్థం కాదన్నాడు.

బాబూ, ముప్పై ఏళ్ళు షటరు పక్కన కూర్చుని నేను ఇంకేం చదివాననుకున్నావు? కాలవ నిబంధనలు నాలుగొందల పుటలు నాకు కంఠస్థం. ఇంజనీర్లకు నిబంధన నంబరు తెలుస్తుంది, లోపల ఏముందో లస్కరుకే తెలుస్తుంది.

పొద్దుగూకేలోపు దొరికింది. ముప్పై ఒకటో పుట. సాయం అందుకునే కుటుంబ పెద్దను సాయం సాగినంతకాలం ఏ ఒప్పందం కిందా వేరే ప్రాంతానికి తరలించరాదు. దాని కింద: పెద్ద ఎవరో కుటుంబ సభ్యులందరూ నోటితో చెప్పాలి, ఒక్కరు కాదన్నా చెల్లదు. పుట్టిన నంబరు మాట ఎక్కడా లేదు. రాసినవాళ్ళకు ఇలాంటి కుటుంబం ఒకటుంటుందని తట్టి ఉండదు.

ఇంకొకటి కూడా చూశాను. నూట రెండో పుట. ఇల్లు అనగా లోపలినుంచి బయటికి రాకుండా తిరగగలిగిన గదుల సముదాయం.

నాగుల్ మీరాను పిలిచి ఆ వాక్యం రెండుసార్లు చదివాను. అతను లేచి గోడ మీద వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడు.

“బోలు గోడ తన్మయక్కా,” అన్నాడు. “ఒక గునపం చాలు.”

రోజు 12
డ్రమ్ములో నీళ్ళు: రెండు జానలు

పొద్దున్నుంచీ గునపాలు. నాగుల్ మీరా బొగ్గుతో గోడ మీద గుమ్మం గీత గీస్తాడు, మగవాళ్ళు పొడుస్తారు, ఆడవాళ్ళు పెళ్ళలు మోస్తారు. నా ఇంటికీ అతని ఇంటికీ మధ్య గోడ పడినప్పుడు దుమ్ములోంచి తొంగి చూసి, “మొన్న నూరేళ్ళన్నావు, ఇప్పుడు చూడు, నీ ఇంట్లోకే వచ్చా,” అన్నాడు. ఏడాదిన్నర తర్వాత ఇంత పెద్దగా నవ్వాను. మా ఊళ్ళో గోడలు పడితే ఏడ్చాం. ఇవి మేం పడగొట్టుకున్న గోడలు.

సాయంత్రానికి తొమ్మిది గుమ్మాలయ్యాయి. ఒకటి మిగిలింది, పదో ఇంటికీ పదకొండో ఇంటికీ మధ్యది. అది ధనుష్ గోడ. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వద్దనలేదు, సరేననలేదు. నాగుల్ మీరా బొగ్గు జేబులో వేసుకున్నాడు. “యజమాని మాట లేందే ఏ గోడా పొడవలా నేను ఇంతకాలం,” అన్నాడు.

నేను వాడి మీదికి దూకి పీక పిసకాలనుకున్నాను. నాగుల్ మీరా చెయ్యి పట్టుకుని ఆపాడు.

రోజు 13
డ్రమ్ములో నీళ్ళు: ఒకటిన్నర జాన

లాస్య నా దగ్గరికి వచ్చి చెప్పింది, “ఆ పిల్లోణ్ణి ఏం అనమాక. వాడి గేదెలకు పేర్లుండేయి. రోజూ నిద్దట్లో పిలుస్తాడు. మీకు తెలవదు, పొయ్యి కాడికి అందరికన్నా ముందు లేచేది నేను గదా, నాకినపడుద్ది.”

తర్వాత తన గరిటె, పాత చీర ఒక సంచిలో పెట్టుకుని తలుపు పక్కన ఉంచింది. ఆ సంచి చూసి నాకు ఒళ్ళు మండింది. తీసుకెళ్ళి నా మంచం కింద దాచాను. ధనుష్‌ను ఏమీ అనలేదు. ఎంత కష్టమైందో రాయడానికి ఈ పుస్తకం చాలదు.

రోజు 14
డ్రమ్ములో నీళ్ళు: చూడలేదు

పొద్దున ఎనిమిదింటికి రిత్విక్, కరణం, వాళ్ళ వెనక కిటికీలు లేని వాపసు బండి.

“పది ఇళ్ళ తాళాలు,” అని చెయ్యి చాపాడు రిత్విక్.

“పది ఎక్కడివి? ఉన్నది ఒక ఇల్లు,” అన్నాను. నూట రెండో పుట తెరిచి కరణం కంటి ముందు పెట్టాను. “చదువుకుని, లోపలికి పోయి చూసుకో.”

కరణం చదువుకుంది. మొదటి తలుపులోంచి లోపలికి దొర్లింది. మేమంతా దాని వెనకే, పెళ్ళివారిలా. రెండో గది, మూడో గది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, “బయటికి రాలేదు,” అని నమోదు చేసుకుంది. ఆరో గదిలో కుండలు, ఏడో గదిలో పరుపులు, పదో గదిలో గోడ.

“ఇక్కడితో దారి ముగిసింది,” అంది కరణం. “పదకొండవది వేరే ఇల్లు. అందులోని వారు వేరే కుటుంబంగా...”

రిత్విక్ అయ్యో అన్నాడు. ఈసారి ఆ మాటలో నిజంగానే జాలి ఉంది, అది ఇంకా మంట. వేరే కుటుంబం అని కరణం రాసుకుంటే బంధం తెగినట్టే. లాస్య అప్పటికే బండివైపు చూస్తోంది.

గోడ అవతలినుంచి దబ్బుమని చప్పుడైంది. ఇంకొకటి. గోడలోంచి గునపం మొన బయటికొచ్చింది. పెళ్ళ ఊడిపడింది. చిల్లు గుమ్మడికాయంత, తర్వాత తట్టంత, తర్వాత మనిషి పట్టేంత అయింది. అందులోంచి బూడిదలో పొర్లినట్టున్న ధనుష్ తల బయటికి వచ్చింది.

“కాస్త పక్కకి జరుగు కరణం,” అన్నాడు. “కాళ్ళ మీద పడుద్ది.”

కరణం జరిగింది. దుమ్ము తగ్గాక పదకొండో గదిలోకి దొర్లి, ఆ చివరి తలుపులోంచి ఎండలోకి వచ్చి ఆగింది. “ఒక ఇల్లు. పదకొండు గదులు. ఒక పొయ్యి. ఒక కుటుంబం. వెనక్కి తీసుకోవలసిన ఇళ్ళు లేవు.”

రిత్విక్ పలక చంకలో పెట్టుకుని, “ఇల్లు సరే,” అన్నాడు నీరసంగా. “ఆమె మాత్రం బండెక్కాలి.”

“ముందు పెద్ద ఎవరో అడగమను,” అన్నాను. ముప్పై ఒకటో పుట. అతను చదివాడు, మళ్ళీ చదివాడు. పెద్దకు చివరి తూము నంబరు ఉండాలి గదా అని కరణాన్ని అడిగాడు.

“ఆ నిబంధన లేదు,” అంది కరణం. ఆ క్షణంలో దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

పిల్లల దగ్గర్నుంచీ ఒక్కొక్కరినే అడిగింది. మీ కుటుంబ పెద్ద ఎవరు? లాస్యక్క. లాస్యమ్మ. మా లాస్య. నాగుల్ మీరా, “మా చెల్లెలు లాస్య,” అన్నాడు, రక్తసంబంధం కావాలన్నవాళ్ళు వినేటట్టు. అక్షర చెప్పింది. నేను సంతకం పెట్టినట్టు చెప్పాను. నలభై రెండు నోళ్ళయ్యాక చివర ధనుష్ మిగిలాడు.

వాడు గునపం నేలకు ఆనించి నిలబడ్డాడు. అక్షర వాడి వంక చూడలేదు, నేలచూపులు చూసింది. నేను ముప్పై ఏళ్ళు వరద కోసం ఎదురుచూశాను, అంత భయపడలేదు.

“లాస్యక్క,” అన్నాడు. ఆగి, లాస్య వైపు తిరిగి, “మొదటి నెల డబ్బుతో గేదెను కొనాలి. పాలు అందరం తాగొచ్చు. పేరు నేను పెడతా,” అన్నాడు.

“ముందు తల దులుపుకోరా, దుమ్మంతా కూట్లో పడుద్ది,” అంది లాస్య.

వాపసు బండి వచ్చినదారినే ఖాళీగా వెళ్ళింది. పద్దెనిమిది నెలల తర్వాత మళ్ళీ రావచ్చు. రానీ. అప్పటికి ఇంకో నూట ఎనభై పుటలు చదువుతాను. నలభై నాలుగు మందికి ఒకే కడియం, అదీ నిజమే, పస్తులుంటాయి. ఉంటే అందరికీ ఉంటాయి, ఒక్కరికి కాదు.

కడియం తొడిగేముందు కరణం తన పాత ప్రశ్న అడిగింది, కొత్త పెద్దను తప్పకుండా అడగాలట.

“నిన్న మీరు ఎవరి ఇంట్లో భోజనం చేశారు?”

లాస్య వెనక్కి తిరిగి చూసింది. పదకొండో గుమ్మంలోంచి పదో గది, దాని వెనక తొమ్మిదోది, అలా ఆ చివరనున్న మొదటి గది దాకా, అక్కడి వెలుతురు దాకా కనిపిస్తోంది. చేతికంటిన పిండి చీర కొంగుకు తుడుచుకుని ముంజేయి చాపింది.

“మా ఇంట్లో,” అంది.

నేను పుస్తకం మూసి, పళ్ళెం తీసుకుని వరసలో నిలబడ్డాను.